రిక్వైర్‌మెంట్స్ ఎలా రాసుకోవాలి? టీమ్‌లో ముగ్గురం మూడు మాటలంటున్నాం

సగం_స్పెక్:

నమస్తే అందరికీ, పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిక పట్టి చదవండి. మాది తొమ్మిది మంది టీమ్, అయిదుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఒక డిజైనర్, ప్రొడక్ట్ మేనేజర్ని నేను. కంపెనీలు వాళ్ళ స్టాఫ్ సెలవులు, హాజరు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. మొదలుపెట్టి మూడేళ్ళయింది. మొదట్లో నలుగురే ఉండేవాళ్ళు కాబట్టి డౌట్ వస్తే కుర్చీ తిప్పి పక్కవాణ్ణి అడిగితే సరిపోయేది, రాసిపెట్టుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఆ నలుగురిలో ఇద్దరు మానేశారు.

పోయిన నెల ఒక కస్టమర్ చాలా మామూలు ప్రశ్న అడిగాడు. మేనేజరే సెలవులో ఉంటే ఆయన కింద వాళ్ళ సెలవు రిక్వెస్ట్ ఎవరి దగ్గరికి వెళ్తుంది అని. అంతే. పై మేనేజర్‌కి అన్నాను నేను, హెచ్ఆర్‌కి అంది టెస్టర్, ఎవరికీ వెళ్ళదు పెండింగ్‌లోనే ఉంటుంది అన్నాడు డెవ్ లీడ్. జిరాలో (పనుల టికెట్లు పెట్టుకునే టూల్) వెతికితే రెండేళ్ళ కిందటి టికెట్‌లో ఒకటి రాసుంది, దాని కింద పదకొండో కామెంట్‌లో దాన్ని మార్చారు, ఆ మార్పుని మళ్ళీ చాట్‌లో ఎవరో "ప్రస్తుతానికి వదిలేద్దాం" అన్నారు. చివరికి కోడ్ తెరిచి చూస్తే అందులో ఇంకో సమాధానం ఉంది, మూడు రోజులు చూసి దానంతటదే అప్రూవ్ అయిపోతోంది!! ఒక్క లైన్ జవాబుకి సగం రోజు పోయింది.

అప్పట్నుంచీ రిక్వైర్‌మెంట్స్ (సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలో చెప్పే రూల్స్) డాక్యుమెంట్ చేయాలి అనే దాంట్లో అందరం ఒకటే, ఎలా అనే దాంట్లో ఎవరికి వారే. నేను నెట్‌లో ఒక ఎస్ఆర్ఎస్ (సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ స్పెసిఫికేషన్) టెంప్లేట్ దింపాను, ఖాళీ హెడింగ్‌లే పన్నెండు పేజీలు ఉన్నాయి, చూసి నాకే నీరసం వచ్చింది. యూజర్ స్టోరీలు (యూజర్‌కి ఏం కావాలో ఒకట్రెండు వాక్యాల్లో చెప్పేవి) సరిగ్గా రాస్తే చాలు, వేరే డాక్యుమెంట్ అంటే రాసిన రోజే పాతబడుతుంది అంటాడు డెవ్ లీడ్. టెస్టర్‌దేమో గెర్కిన్ పట్టు, ఫలానా పరిస్థితి ఉండగా (గివెన్), ఫలానాది జరిగితే (వెన్), ఫలానా ఫలితం రావాలి (దెన్) అని రాస్తే అదే స్పెక్, అదే టెస్ట్ అంటుంది. ముగ్గురు చెప్పేదాంట్లోనూ నిజం ఉన్నట్టే ఉంది, అదే నా బాధ. మీ టీముల్లో ఏది నిలబడింది, ఏది మూలపడింది? టూల్ పేర్లు కాదు, పద్ధతి చెప్పండి.

—

పాత_ఫైలు:

బ్రదర్, ముందు ఒక్కటి తేల్చుకోండి, మిగతా గొడవ సగం తగ్గుతుంది. టికెట్ అనేది మార్పు. స్పెక్ అనేది ఇప్పుడున్న స్థితి. బ్యాంకు ఖాతాలో ఎంట్రీలు వేరు, బ్యాలెన్స్ వేరు కదా, మీ దగ్గర మూడేళ్ళ ఎంట్రీలు భద్రంగా ఉన్నాయి, బ్యాలెన్స్ ఎంత అని కస్టమర్ అడిగితే మొదట్నుంచీ కూడుకుంటూ వచ్చారు, మధ్యలో ఒక ఎంట్రీ చాట్‌లో పోయింది కాబట్టి కూడిక తప్పింది. టికెట్లు ఎంత చక్కగా రాసినా ఈ సమస్య పోదు, ఎందుకంటే పాత టికెట్‌ని ఎవరూ వెనక్కెళ్ళి సరిచెయ్యరు, చెయ్యకూడదు కూడా, అది ఆ రోజు ఏం అడిగారో చెప్పే కాగితం.

మీ డెవ్ లీడ్ స్టోరీలు చాలు అంటున్నాడు కాబట్టి ఆ స్టోరీల పుట్టుక సంగతి చెప్తాను. 1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి అది, చిన్న అట్టముక్క మీద రెండు వాక్యాలు రాసేవాళ్ళు. 2001లో రాన్ జెఫ్రీస్ దాన్ని మూడు మాటల్లో చెప్పాడు, కార్డ్, కాన్వర్సేషన్, కన్‌ఫర్మేషన్. అంటే కార్డు మీద ఉన్నది రిక్వైర్‌మెంట్ కాదు, దీని గురించి కూర్చుని మాట్లాడుకోవాలి అనే గుర్తు. అసలు రిక్వైర్‌మెంట్ ఆ మాటల్లో తేలి, చివర్లో టెస్ట్‌గా మిగులుతుంది. మనం చేసిందేంటంటే కార్డుని జిరాలోకి ఎక్కించి, మాట్లాడుకోవడం మానేసి, మూడోదాన్ని రెండు బుల్లెట్లు చేసి, దీన్నే డాక్యుమెంటేషన్ అనుకుంటున్నాం. స్టోరీల తప్పు కాదు, వాటి మీద మోయలేని బరువు పెట్టాం.

ఇక మీ పన్నెండు పేజీల హెడింగ్‌లు. నెట్‌లో తిరిగే ఎస్ఆర్ఎస్ టెంప్లేట్లు చాలావరకు ఐఈఈఈ 830 అనే పాత స్టాండర్డ్ అస్థిపంజరాలే. అది 1984లో వచ్చింది, చివరి సవరణ 1998లో, 2011లో దాని స్థానంలో 29148 అనే స్టాండర్డ్ వచ్చింది, 2018లో దానికీ కొత్త ఎడిషన్ వచ్చింది. తమాషా ఏంటంటే 830లోనే అసలు రిక్వైర్‌మెంట్స్ భాగాన్ని ఎలా పేర్చుకోవాలో చాలా రకాలు ఇచ్చారు, ఫీచర్ల వారీగా పెట్టుకోవచ్చు, యూజర్ల రకాల వారీగా పెట్టుకోవచ్చు, అని. ఒకటే మూస అని వాళ్ళు అనలేదు, తర్వాతి వాళ్ళు ఒకటి పట్టుకుని దాన్నే కాపీ కొట్టుకుంటూ పోయారు. నేను దాంట్లోంచి హెడింగ్‌లు వదిలేసి గుణాలు మాత్రం తీసుకుంటాను. ఒక రిక్వైర్‌మెంట్ చదివితే రెండర్థాలు రాకూడదు, జరిగిందో లేదో పరీక్షించి చెప్పగలగాలి, ఇంకో రిక్వైర్‌మెంట్‌తో కొట్టుకోకూడదు, మార్చాలంటే ఒక్కచోటే మార్చేలా ఉండాలి. ఈ నాలుగూ ఉంటే మీరు వర్డ్‌లో రాసినా వికీలో రాసినా ఒకటే.

—

వద్దుబాబోయ్:

మేము ఏమీ రాయం, ఆరేళ్ళుగా నడుస్తోంది. అజైల్ మ్యానిఫెస్టోలోనే ఉంది కదా డాక్యుమెంటేషన్ కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం అని.

—

గిట్‌గోల:

@వద్దుబాబోయ్ అదే మ్యానిఫెస్టోలో ఆ నాలుగు లైన్ల కిందే ఇంకో వాక్యం ఉంది, కుడివైపున ఉన్నవాటికీ (డాక్యుమెంటేషన్ లాంటివి) విలువ ఉంది, ఎడమవైపు వాటికి (పనిచేసే సాఫ్ట్‌వేర్ లాంటివి) మేం ఎక్కువ విలువ ఇస్తాం అని. 2001 నుంచి జనం పైన చదివి కింద వదిలేస్తున్నారు. పైగా వాళ్ళు అన్నది సమగ్ర డాక్యుమెంటేషన్ గురించి, ఒక పేజీ రాయొద్దని కాదు 😀 మీ టీమ్‌లో ఆరేళ్ళుగా ఎవరూ మానలేదా? అయితే అదృష్టవంతులు.

ఇక అడిగినాయనకి. మేము చేసేది చెప్తాను, డెవలపర్ని కాబట్టి డెవలపర్ బుద్ధే, ముందే ఒప్పుకుంటున్నా. స్పెక్ కోడ్ ఉన్న రిపోలోనే (గిట్‌లో కోడ్ దాచే చోటు) మార్క్‌డౌన్ ఫైళ్ళుగా (మామూలు టెక్స్ట్ ఫైళ్ళే) ఉంటుంది, ఒక్కో ఏరియాకి ఒక్కో ఫైలు, మీ విషయంలో అయితే సెలవు రిక్వెస్ట్, అప్రూవల్, బ్యాలెన్స్ లెక్క, నోటిఫికేషన్లు, ఇలాగ. సాఫ్ట్‌వేర్ ప్రవర్తన మారే పుల్ రిక్వెస్ట్ (రివ్యూకి పెట్టే కోడ్ మార్పు) ఏదైనా సరే అందులోనే ఆ ఫైలు కూడా మారాలి. కోడ్ మార్చి ఫైలు ముట్టుకోకపోతే రివ్యూ చేసేవాడు అడుగుతాడు, స్పెక్ మారలేదేంటి, మారక్కర్లేదా, మర్చిపోయావా అని. ఈ ఒక్క ప్రశ్న వల్లే మాది బతికింది, అంతకుముందు వికీలో రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాం, ఎందుకంటే వికీ వేరే ట్యాబ్‌లో ఉంటుంది, పని అయిపోయాక గుర్తొస్తుంది, గుర్తొచ్చేసరికి ఇంకో పని వచ్చి ఉంటుంది.

దీంట్లో లోపం లేదని అనను. మా ప్రొడక్ట్ మేనేజర్ మొదటి నెలంతా గిట్ చూసి భయపడింది, బ్రాంచ్ అంటే ఏంటి, ఈ ఎరుపు ఆకుపచ్చ గీతలేంటి అని. బ్రౌజర్లోనే ఎడిట్ బటన్ ఉందని చూపించాక కుదుటపడింది. కానీ సేల్స్ వాళ్ళు, సపోర్ట్ వాళ్ళు అక్కడికి రానే రారు, వాళ్ళకోసం అదే ఫైళ్ళని వెబ్ పేజీల్లా బిల్డ్ చేసి పెడతాం. ఇదంతా మెయింటెయిన్ చేసేవాడు ఒకడు కావాలి, మీ టీమ్‌లో అలాంటివాడు లేకపోతే వికీయే నయం, చచ్చిన రిపో కంటే బతికున్న వికీ మేలు.

ఇంకోటి, ఏం నిర్ణయించాం అనేది స్పెక్‌లో ఉంటుంది, ఎందుకు నిర్ణయించాం అనేది ఎక్కడా ఉండదు. మీ మూడు రోజుల ఆటో అప్రూవల్ కూడా ఎవరో ఏదో కారణంతోనే పెట్టి ఉంటారు. ఆ కారణాలకి మేము ఏడీఆర్‌లు (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డులు) వాడతాం, 2011లో మైకేల్ నైగార్డ్ అనే ఆయన రాసిన పద్ధతి, ఆయన ఆర్కిటెక్చర్ నిర్ణయాలకి చెప్పాడు, మేము ప్రొడక్ట్ నిర్ణయాలకి కూడా వాడేస్తున్నాం. సందర్భం ఏంటి, ఏం అనుకున్నాం, దానివల్ల ఏం భరించాలి, అంతే, ఒక పేజీ దాటదు. నిర్ణయం మారితే పాతది చెరపం, ఫలానాదానితో ఇది పోయింది అని పైన ఒక లైను రాసి కొత్తది పెడతాం.

—

బగ్గుల_భారతం:

నేను టెస్టర్ని, మీ టెస్టర్ వైపు మాట్లాడతానేమో అనుకుంటారు, సగమే మాట్లాడతాను. గెర్కిన్ మేము రెండేళ్ళు వాడాం. మొదటి ఏడాది మేం రాసిన సన్నివేశాలు ఇలా ఉండేవి. లాగిన్ పేజీ తెరిచాను, యూజర్‌నేమ్ బాక్స్‌లో ఇది కొట్టాను, పాస్‌వర్డ్ బాక్స్‌లో అది కొట్టాను, నీలం బటన్ నొక్కాను, ఎడమవైపు మెనూలో మూడోది నొక్కాను... పద్నాలుగు లైన్ల తర్వాత ఎక్కడో రూల్ ఉంటుంది. డిజైనర్ బటన్ పేరు మార్చిన రోజున అరవైకి పైగా సన్నివేశాలు ఎర్రబడ్డాయి (ఫెయిలయ్యాయి), రూల్ ఒక్కటి కూడా మారలేదు. వాటిని ప్రొడక్ట్ మేనేజర్ చదువుతాడనుకున్నాం, ఒక్కసారి కూడా చదవలేదు పాపం, నేనైనా చదవను.

తర్వాత మార్చుకున్నాం. స్క్రీన్ మాట ఎత్తకుండా రాయాలి. మీ కేసే తీసుకుంటే, "మేనేజర్ ఈ రోజు సెలవులో ఉన్నాడు, ఉద్యోగి రెండు రోజుల సెలవు అడిగాడు, అప్పుడు రిక్వెస్ట్ పై మేనేజర్ లిస్టులో కనపడాలి", మూడే లైన్లు. ఇంకా మంచిది ఉదాహరణల పట్టిక. ఒక వరసలో మేనేజర్ స్టేటస్, పక్కన పై మేనేజర్ ఉన్నాడా లేదా, దాని పక్కన రిక్వెస్ట్ ఎవరికి. పట్టిక గీసి కూర్చోగానే ఖాళీ గడులు మిమ్మల్ని చూసి నవ్వుతాయి, మేనేజరూ సెలవులో, పై మేనేజరూ సెలవులో అయితే? అడిగినవాడే కంపెనీకి పెద్ద అయితే, ఆయనకి పైన ఎవరుంటారు? మేనేజర్ సగం పూట సెలవైతే? ఇవి పేరాల్లో రాసినప్పుడు ఎవరికీ తట్టవు.

నిజం చెప్పాలంటే మాకు లాభం వచ్చింది ఆ సింటాక్స్ వల్ల కాదు, పట్టిక గీయడానికి ప్రొడక్ట్, డెవలపర్, టెస్టర్ ముగ్గురూ కోడ్ రాయకముందే అరగంట ఒకచోట కూర్చోవడం వల్ల. కుకుంబర్ లాంటి టూల్‌తో ఆ సన్నివేశాలని నిజంగా రన్ చేస్తేనే గెర్కిన్‌కి అర్థం ఉంది, రన్ చెయ్యకపోతే అది లైన్లు ఎక్కువైన మామూలు తెలుగో ఇంగ్లిషో, అంతే. రన్ చేసే ఓపిక లేదంటే పట్టిక చాలు.

అన్నట్టు తెలుగు అంటే గుర్తొచ్చింది, గెర్కిన్ కీవర్డ్‌లు తెలుగులో కూడా ఉన్నాయి తెలుసా? ఫైలు మొదట్లో భాష తెలుగు అని పెడితే ఫీచర్‌ని "గుణము", గివెన్‌ని "చెప్పబడినది", వెన్‌ని "ఈ పరిస్థితిలో", దెన్‌ని "అప్పుడు" అని రాయొచ్చు. ఒక శుక్రవారం సరదాగా రాసి రన్ చేశాను, పాసయింది 😂 "చెప్పబడినది మేనేజర్ సెలవులో ఉన్నాడు" అంటే కోర్టు తీర్పులా ఉంది గానీ.

—

సగం_స్పెక్:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, థ్యాంక్స్ అందరికీ. బ్యాలెన్స్, ఎంట్రీల ముక్క మా డెవ్ లీడ్‌కి పంపాను, "ఊఁ" అన్నాడు, ఆయన అంతకన్నా ఎక్కువ ఒప్పుకోడు. ఏరియాకి ఒక ఫైలు అనేది బాగా నచ్చింది.

ఆపుకోలేక నిన్న రాత్రి కూర్చుని అప్రూవల్ ఫైలు మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఇది: "మేనేజర్ అందుబాటులో లేకపోతే రిక్వెస్ట్ తగిన సమయంలో పై అధికారికి వెళ్ళేలా చూడాలి." రాశాక బాగానే ఉందనిపించింది, పొద్దున చదివితే ఏదో తేడాగా ఉంది కానీ ఏంటో పట్టుకోలేకపోతున్నాను. తిట్టినా పర్లేదు, చెప్పండి.

—

పాత_ఫైలు:

తిట్టను గానీ చీల్చి చూపిస్తాను. "అందుబాటులో లేకపోతే" అంటే? సెలవులో ఉన్నాడా, లాగిన్ అవ్వలేదా, ఉద్యోగం మానేశాడా. "తగిన సమయం" అంటే మీకు గంట, కస్టమర్‌కి వారం. "పై అధికారి" అంటే ఆర్గ్ చార్ట్‌లో పైనున్నవాడా, హెచ్ఆరా. "వెళ్ళేలా చూడాలి" అంటే ఎవరు చూడాలి, సిస్టమా, అడ్మినా? ఒక్క వాక్యంలో నాలుగు చోట్ల డెవలపర్ తనకి తోచింది పెట్టుకునే వీలుంది, పెట్టుకుంటాడు కూడా, మీ ఆటో అప్రూవల్ ఇలాంటి సందులోంచే దూరి ఉంటుంది.

దీనికి నేను వాడేది ఈయర్స్ అనే పద్ధతి. రోల్స్ రాయిస్‌లో అలిస్టర్ మేవిన్, ఆయనతో పనిచేసినవాళ్ళు జెట్ ఇంజిన్ కంట్రోల్ సిస్టమ్ రిక్వైర్‌మెంట్ల మీద పనిచేస్తూ తయారుచేసుకుని 2009లో పేపర్‌గా వేశారు. నేర్చుకోవడానికి పూట కూడా పట్టదు, అయిదే అచ్చులు (వాక్యం మూసలు). ఎప్పుడూ ఉండాల్సినది ఒకటి. ఏదో జరిగినప్పుడు చెయ్యాల్సినది రెండోది. ఒక స్థితి ఉన్నంతసేపూ చెయ్యాల్సినది మూడోది. జరగకూడనిది జరిగితే ఏం చెయ్యాలనేది నాలుగోది. ఫలానా ఫీచర్ ఉన్న కస్టమర్లకే వర్తించేది అయిదోది. కావాలంటే కలుపుకోవచ్చు. ఇంగ్లిష్‌లో వెన్, వైల్, ఇఫ్ అని షరతుని ముందుకి తెచ్చి రాయమంటారు, మనకి ఆ బాధ లేదు, తెలుగులో షరతు ఎప్పుడూ ముందే వస్తుంది, చెయ్యాల్సిన పని చివర్లోనే ఉంటుంది, ఆ పద్ధతి మనకోసమే పుట్టిందా అనిపిస్తుంది ఒక్కోసారి.

మీ వాక్యాన్ని ఇలా విడగొడతాను.

అప్రూవల్-1: ఉద్యోగి రిక్వెస్ట్ పెట్టినప్పుడు మేనేజర్‌కి ఆ రోజున అప్రూవ్ అయిన సెలవు ఉంటే, సిస్టమ్ ఆ రిక్వెస్ట్‌ని వెంటనే మేనేజర్ పై మేనేజర్‌కి పంపాలి.

అప్రూవల్-2: మేనేజర్‌కి చేరిన రిక్వెస్ట్ మీద 3 పనిదినాలు దాటినా ఏ చర్యా లేకపోతే, సిస్టమ్ దాన్ని పై మేనేజర్‌కి పంపాలి. పనిదినాలు రిక్వెస్ట్ పెట్టిన ఉద్యోగి క్యాలెండర్ ప్రకారం లెక్కించాలి.

అప్రూవల్-3: పంపాల్సిన పై మేనేజర్ లేకపోయినా, ఆయనా సెలవులో ఉన్నా, సిస్టమ్ రిక్వెస్ట్‌ని హెచ్ఆర్ అడ్మిన్‌కి పంపాలి.

అప్రూవల్-4: మనిషి చర్య లేకుండా సిస్టమ్ ఏ సెలవునీ అప్రూవ్ చెయ్యకూడదు.

రూల్ ఇదే కావాలని నేననట్లేదు, మీ రూల్ ఏదో అది పెట్టుకోండి, చూడాల్సింది వాక్యం కట్టు. రెండోదాంట్లో ఉద్యోగి క్యాలెండర్ అని రాయడానికి కారణం ఉంది, మేనేజర్ ఒక దేశంలో, ఉద్యోగి ఇంకో దేశంలో ఉంటే వారాంతపు సెలవులు కూడా కలవకపోవచ్చు, ఈ ప్రశ్న రిలీజ్ అయ్యాక కస్టమర్ అడిగే కంటే ఇప్పుడు మీరే అడిగి తేల్చుకోవడం సుఖం.

"చేయాలి", "చేస్తే మంచిది", "చేయొచ్చు" ఈ మూడూ కలిపెయ్యకండి. ఇంటర్నెట్ స్టాండర్డులు రాసేవాళ్ళు దీనికోసం 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ప్రత్యేకంగా ఒకటి రాసుకున్నారు, మస్ట్ అంటే ఏంటి, షుడ్ అంటే ఏంటి, మే అంటే ఏంటి అని. మీ ఫైలు పైన రెండు లైన్లలో మీ అర్థాలు రాసుకోండి. చేస్తే మంచిది అని రాసినవి మూడు నెలల తర్వాత చూస్తే ఒక్కటీ చేసి ఉండరు, అదొక కొలమానం కూడా.

—

ఆడిట్_ఆత్మ:

నంబర్లు పెట్టడం చూసి సంతోషం వేసింది 🙂 మాది వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్, ఐఈసీ 62304 అనే స్టాండర్డ్ కింద నడుస్తాం, ఏం రాయాలో ఎంత రాయాలో మా ఇష్టం కాదు. ప్రతి రిక్వైర్‌మెంట్‌కీ నంబరు, అది ఎక్కడ పుట్టింది, ఏ టెస్ట్ దాన్ని పరీక్షించింది, ఫలితమేంటి, ఈ గొలుసు ఎక్కడా తెగకూడదు. మీకు అంత అక్కర్లేదు, నిజంగా అక్కర్లేదు, ఎవరైనా సీరియస్‌గా మొహం పెట్టి ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ (ఈ గొలుసంతా చూపే పట్టిక) కావాలంటే ఎందుకు అని అడగండి. కానీ రెండు చిన్న అలవాట్లు మా దగ్గర్నుంచి ఎత్తుకుపోవచ్చు. ఒకటి, రూల్ తీసేసినా దాని నంబరు ఇంకోదానికి ఇవ్వకండి, అప్రూవల్-4 పోతే అది పోయింది, తర్వాతది 5. రెండు, టెస్ట్ పేరులో ఆ నంబరు పెట్టండి, రేపు రూల్ మారితే ఏ టెస్టులు చూడాలో వెతికితే దొరుకుతాయి. దానికి టూల్ కొనక్కర్లేదు.

ఇంకొకటి చెప్పాలి, అందరూ ఎలా రాయాలి అనే మాట్లాడుతున్నారు కాబట్టి. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కదా, యూనిట్ల గొడవ వల్ల అని అందరికీ తెలుసు. చాలామంది అనుకునేది ఏ యూనిట్ వాడాలో ఎవరూ రాసుకోలేదని. రాసుకున్నారు. ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్‌లో మెట్రిక్ యూనిట్లే, న్యూటన్ సెకండ్లే అని ఉంది. నేల మీద నడిచే ఒక సాఫ్ట్‌వేర్ మాత్రం పౌండ్ ఫోర్స్ సెకండ్లలో ఫైలు ఇచ్చింది, రెండిటికీ తేడా దాదాపు 4.45 రెట్లు, దాన్ని తీసుకున్న సాఫ్ట్‌వేర్ స్పెక్‌లో ఉన్నట్టే వచ్చిందనుకుని లెక్క కట్టింది. వాక్యం కరెక్టే, ఆ వాక్యం పాటించారా అని చూసిన టెస్ట్ లేదు. అందుకే నేను ఏ రిక్వైర్‌మెంట్ చదివినా మొదట అడిగేది, దీన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా చూస్తారు అని. జవాబు లేకపోతే అది ఎంత బాగా రాసినా కోరికే.

—

బగ్గుల_భారతం:

@ఆడిట్_ఆత్మ గారూ ఈ ముక్క ప్రింట్ తీసి మా గోడకి అంటిస్తాను.

ఒకటి మర్చిపోయాం అందరం, స్పీడ్, సెక్యూరిటీ లాంటివి. ఇవి ఏ ఏరియా ఫైల్లోనూ పట్టవు కాబట్టి గాల్లో ఉండిపోతాయి. వాటికి వేరే ఒక ఫైలు పెట్టుకోండి. "యాప్ ఫాస్ట్‌గా ఉండాలి" అంటే నేను టెస్ట్ చెయ్యలేను, "సెలవుల లిస్టు 100 మంది ఒకేసారి చూస్తున్నప్పుడు 95 శాతం సార్లు 2 సెకన్లలోపు రావాలి" అంటే చెయ్యగలను. ఏమేం అడగాలో తట్టకపోతే ఐఎస్‌ఓ 25010 అనే స్టాండర్డ్‌లోని సాఫ్ట్‌వేర్ నాణ్యతా గుణాల లిస్టు తెరిచి చూడండి, 2011 దాంట్లో ఎనిమిది గుణాలుండేవి, 2023 ఎడిషన్‌లో తొమ్మిదయ్యాయి. అన్నీ రాయమని కాదు, ఏది వదిలేస్తున్నారో తెలిసి వదిలెయ్యడానికి.

—

గిట్‌గోల:

ఒక హెచ్చరిక. మూడేళ్ళ ప్రొడక్ట్ మొత్తానికి ఇప్పుడు కూర్చుని స్పెక్ రాద్దాం అని మాత్రం అనుకోకండి, మేము ఒకసారి అనుకున్నాం, ఒక క్వార్టర్ అంతా తినేసింది, సగంలో ఆగింది. ముట్టుకున్నప్పుడు రాయండి. ఏ ఏరియాలో టికెట్ వస్తే ఆ ఏరియా ఫైలు ముందు తెరిచి, ఇప్పుడు కోడ్ ఏం చేస్తుందో రాసి, అది కావాలా వద్దా తేల్చి, తర్వాత మార్పు. రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోని రిపోర్టుల స్క్రీన్‌కి స్పెక్ లేకపోతే కొంపేం మునగదు.

—

సగం_స్పెక్:

అయిదు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, చాలామంది మెసేజ్‌లో అడిగారు కాబట్టి.

రిపోలో మార్క్‌డౌన్, ఏరియాకి ఒక ఫైలు, ఈయర్స్ అచ్చులో నంబరున్న వాక్యాలు, చిక్కుగా ఉన్నచోట కింద ఉదాహరణల పట్టిక. స్టోరీలు జిరాలోనే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు ప్రతి స్టోరీలో ఏ నంబర్లు మారుతున్నాయో ఒక లైను ఉంటుంది. గెర్కిన్ ఒక్క బ్యాలెన్స్ లెక్కకి మాత్రం పెట్టుకున్నాం, అక్కడ లెక్కలెక్కువ కాబట్టి రన్ చేస్తున్నాం, మిగతాచోట్ల వద్దనుకున్నాం, టెస్టర్ కొంచెం అలిగింది, తర్వాత పట్టికలు తనే గీయడం మొదలుపెట్టింది. నా పన్నెండు పేజీల టెంప్లేట్ గురించి ఎవరూ ఎత్తట్లేదు, నేనూ ఎత్తట్లేదు.

ఇప్పటికి మూడు ఫైళ్ళే అయ్యాయి. అప్రూవల్ ఫైలు రాస్తుంటేనే రెండు రూల్స్ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు బయటపడింది, ఎమర్జెన్సీ సెలవుకి అప్రూవల్ అక్కర్లేదని ఒకచోట, ఏ సెలవుకైనా అప్రూవల్ ఉండాల్సిందే అని ఇంకోచోట, కోడ్‌లో రెండూ ఉన్నాయి, ఏది ముందు రన్ అయితే అదే గెలుస్తోంది. ఆటో అప్రూవల్ ఎందుకు పెట్టారో కూడా తెలిసింది, మానేసిన ఇద్దరిలో ఒకణ్ణి ఫోన్ చేసి అడిగాను, డెమో కోసం పెట్టాడట, తీసేద్దామనుకుని మర్చిపోయాడట.

ఇబ్బంది పెడుతున్నది ఒకటే. మామూలు పుల్ రిక్వెస్టుల్లో ఫైలు మారుతోంది, బాగుంది. రాత్రిపూట ప్రొడక్షన్ పడిపోయి హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ) వెళ్ళినప్పుడు మాత్రం ఎవరూ ఫైలు ముట్టుకోవట్లేదు, పొద్దునకి మర్చిపోతున్నారు. ఇప్పటికే రెండుసార్లయింది. దీనికేం చేస్తారు మీరు?

—

గిట్‌గోల:

హాట్‌ఫిక్స్ మెర్జ్ అవ్వగానే దాన్ని పెట్టినవాడి పేరు మీదే ఒక టికెట్ ఆటోమేటిక్‌గా ఓపెన్ అయ్యేలా పెట్టాం, "స్పెక్ చూడు" అని, రెండు రోజుల గడువు. ఫిక్స్ వల్ల రూల్ మారకపోతే మారలేదని రాసి మూసెయ్యొచ్చు. మొదట్లో అందరూ చదవకుండానే మూసేసేవాళ్ళు, ఇప్పుడు మూసేముందు ఫైలు లింకు పెట్టాలి.

—

వద్దుబాబోయ్:

పైన ఏదో అన్నాను గానీ, మా దగ్గర నిన్న ఒకడు రిజైన్ చేశాడు. ఆ ఈయర్స్ అయిదు అచ్చులూ ఇంకోసారి విడివిడిగా, ఒక్కోదానికీ ఒక్కో ఉదాహరణతో రాస్తారా @పాత_ఫైలు గారూ?